తగ్గినవాళ్లు ఆసుపత్రికి రారు

(స్కిజోఫ్రెనియా బాధితుల కుటుంబాల కోసం గుంటూరులో జరిగిన సభలో ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారం. ఎండ దిగకముందే ఇంతమంది వచ్చినందుకు సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. మన సభల్లో ముందు వరుస పెద్దమనుషుల కోసం ఖాళీగా ఉంచుతారు. ఈ రోజు పెద్దమనుషులెవరూ రావడం లేదు, వచ్చి కూర్చోండి.

లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం వంటివి ఉండే మానసిక జబ్బు ఇది. స్కిజోఫ్రెనియా అని పేరు చెప్పగానే ఇంటివాళ్లు మమ్మల్ని అడిగేది ఒకటే. ‘ఇది తగ్గుతుందా డాక్టరుగారూ?’ బయట వరండాలో ఇంకా నలభైమంది ఉంటారు. ‘మందులు వాడండి, చూద్దాం’ అంటాం. చూద్దాం అన్నంత తేలిక కాదు చూడటం. ఈ జబ్బు వచ్చినవాళ్లు పదేళ్లకు ఎలా ఉన్నారు, ముప్ఫై ఏళ్లకు ఎలా ఉన్నారు అని వెంటపడి చూసినవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. వాళ్లు ఏం చూశారో చెప్పడానికే వచ్చాను.

మొదట చూసింది జర్మనీలో ఎమిల్ క్రేపెలిన్. 1890ల్లో హైడెల్‌బర్గ్ ఆసుపత్రిలో రోగికొక అట్టముక్క పెట్టుకుని, వచ్చినప్పుడు ఎలా ఉన్నాడు, పోయేటప్పుడు ఎలా ఉన్నాడు, తర్వాత ఏమయ్యాడు అని రాసుకునేవారు. ఆ రోజుల్లో అది చిన్న పని కాదు. అయితే ఆయన జబ్బులను విడదీసింది చివర ఏమవుతుందన్న దాన్ని బట్టి. వచ్చి పోయేదాన్ని ఒక గాటన కట్టారు. క్రమంగా మనిషిని కుంగదీసేదాన్ని ఇంకో గాటన కట్టి, చిన్న వయసులోనే వచ్చే మతిక్షీణత అనే అర్థంలో డిమెన్షియా ప్రీకాక్స్ అన్నారు. ఇందులో ఒక చిక్కుంది. క్షీణిస్తేనే ఆ జబ్బు అని ముందే అనుకుంటే, కోలుకున్నవాడు లెక్కలోంచి జారిపోతాడు. ‘తగ్గిందా? అయితే అది అసలు ఆ జబ్బు కాదులే’ అంటారు. ఈ మాట నేను ఇప్పటికీ వింటాను, అదీ డాక్టర్ల నోటి నుంచే.

1908లో స్విట్జర్లాండుకు చెందిన యూజెన్ బ్లాయిలర్ ఆ పేరు తీసేసి స్కిజోఫ్రెనియా అన్నారు. అందరి గతీ ఒకటే కాదని చెప్పారు. ఐనా పూర్తిగా మునుపటి మనిషి కావడం ఉండదన్న దిగులు ఆయన్నీ వదల్లేదు. వైద్య కళాశాలల్లో ఆ దిగులు పాఠంగా స్థిరపడిపోయింది.

ఎందుకలా జరిగింది? అంత తెలివైన వైద్యులు అన్నేళ్లపాటు జబ్బును ఉన్నదానికన్నా నల్లగా ఎలా చూశారు? దీనికి 1984లో పాట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే ఇద్దరు ఒక వివరణ ఇచ్చారు. వైద్యుడి భ్రమ అన్నారు దాన్ని. మన ఊరి బస్టాండునే తీసుకోండి. రాత్రి పదిన్నరకు వెళ్లి, బెంచీల మీద ఉన్నవాళ్లను ఎంతసేపటి నుంచి కూర్చున్నారని అడగండి. మూడు గంటలు, నాలుగు గంటలు అనేవాళ్లే ఎక్కువ తగులుతారు. పావుగంటలో బస్సెక్కి వెళ్లిపోయినవాళ్లు మీకు దొరకరు కదా. అది పట్టుకుని గుంటూరులో బస్సు రావాలంటే నాలుగు గంటలు పడుతుందని తేలిస్తే ఆర్టీసీవాళ్లు ఊరుకుంటారా? మా ఓపీ గది కూడా అంతే. తగ్గనివాళ్లు నెలనెలా వస్తారు, ఏళ్ల తరబడి వస్తారు. తగ్గినవాళ్లు రారు. మేం రోజూ చూసేవాళ్లను బట్టి జబ్బును అంచనా వేస్తాం.

మన దగ్గర ఇది రెండింతలు. కోలుకున్న మనిషి పెళ్లిలో ఎదురుపడితే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. నేనూ పలకరించను. పలకరిస్తే పక్కనున్న బంధువు ‘ఈ డాక్టరుగారు నీకెలా తెలుసు?’ అని అడుగుతాడు, ఆ మర్నాడు ఊరంతా తెలుస్తుంది. కాబట్టి వాళ్లు మాకు కనిపించరు, మీకూ కనిపించరు. మీ వీధిలోనే ఇద్దరు ఉండవచ్చు. మీకు కనిపించేది మాత్రం బ్రాడీపేట కూడలిలో జుట్టు అట్టలు కట్టి, తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే ఒక్కడే.

ఈ భ్రమ పోవాలంటే ఒకటే దారి. ఒక సంవత్సరంలో చేరినవాళ్లందరి పేర్లూ రాసుకుని, ఆసుపత్రికి వచ్చినా రాకపోయినా, మనమే వాళ్ల ఇళ్లకు వెళ్లాలి. ఆ పని చేసినవారిలో నాకు ముందుగా గుర్తొచ్చేది మాన్‌ఫ్రెడ్ బ్లాయిలర్. పేరు పెట్టిన బ్లాయిలర్ కొడుకే. జ్యూరిక్‌లో తండ్రి నడిపిన బుర్గ్‌హోల్‌ట్స్లి ఆసుపత్రి ఆవరణలోనే పెరిగాడు. ఆ ఆసుపత్రికే అధిపతి అయ్యాక, 1942, 43లలో చేరిన 208 మందిని ఇరవై ఏళ్లకు పైగా తానే స్వయంగా అనుసరించాడు. వాళ్ల పెళ్లిళ్లు, ఉద్యోగాలు, పిల్లలు, చావులు అన్నీ ఆయనకు తెలుసు. 1972లో పుస్తకం వచ్చింది. స్థిరమైన దశకు చేరినవారిలో ఐదో వంతు మంది పూర్తిగా కోలుకున్నారు, మరో మూడో వంతు మందికి స్వల్ప లక్షణాలే మిగిలాయి, తీవ్రంగా మిగిలిపోయినవాళ్లు నాలుగో వంతు. ఇంకో మాట కూడా చెప్పాడు, మీలో చాలామందికి ఇది అవసరం. సగటు మీద చూస్తే జబ్బు మొదలైన ఐదేళ్ల తర్వాత ఇంకా ఇంకా దిగజారడం ఉండదు. ఆ తర్వాత వచ్చే మార్పు ఎక్కువగా మెరుగుదల వైపే.

జర్మనీలోని బాన్‌లో 502 మందిని సగటున 22 ఏళ్లు చూశారు. లోజాన్‌లో లుక్ చాంపి బృందం 289 మంది వృద్ధులను సగటున 37 ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుంది. అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా చెప్పింది దాదాపు ఇదే. వాటి దగ్గర ఆగను.

ఆగవలసింది వెర్మాంట్ దగ్గర. అమెరికాలో అదో చిన్న రాష్ట్రం. 1950ల నడుమ అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల వెనక వార్డుల్లో, ఇక వీళ్లింతే అని వదిలేసినవాళ్లు ఉండేవారు. సగటున పదహారేళ్లుగా జబ్బు, ఆరేళ్లుగా ఆసుపత్రి గోడల మధ్యే. అప్పుడే క్లోర్‌ప్రొమజిన్ అనే మందు వచ్చింది, 1952లో పారిస్‌లో దాని గుణం తెలిసింది. కొందరికి పనిచేసింది. అది చాలనివాళ్ల కోసం జార్జి బ్రూక్స్ అనే వైద్యుడు వేరే పని మొదలుపెట్టాడు. మందుతో పాటు పని నేర్పడం, బయట ఉండటానికి ఇళ్లు చూడటం, ఉద్యోగం వెతికి ఇప్పించడం, ఇప్పించాక మధ్యమధ్య వెళ్లి చూసిరావడం. అలా బయటికి వచ్చినవాళ్లు 269 మంది.

మూడు దశాబ్దాల తర్వాత కోర్టనే హార్డింగ్ బృందం వీళ్లను వెతికింది. దాదాపు అందరి ఆచూకీ తీశారు. నాకు ముచ్చటేసేది వాళ్ల జాగ్రత్త. ఇళ్లకు వెళ్లి మాట్లాడినవాళ్లకు పాత ఫైల్లో ఏముందో తెలియనివ్వలేదు. ఫైళ్లు చదివినవాళ్లకు ఇప్పుడు మనిషి ఎలా ఉన్నాడో తెలియనివ్వలేదు. 1987లో ఫలితాలు అచ్చయ్యాయి. సగం నుంచి మూడింట రెండొంతుల మంది బాగా మెరుగుపడ్డారు లేదా కోలుకున్నారు. వెనక వార్డువాళ్లు, గుర్తుంచుకోండి. అప్పటి నిర్ధారణలు వదులుగా ఉండేవి కాబట్టి వీళ్లందరిదీ అసలు స్కిజోఫ్రెనియా కాదేమో అని అనుమానించారు, అనుమానించవలసిందే. అందుకని 1980లో వచ్చిన కట్టుదిట్టమైన ప్రమాణాలతో పాత ఫైళ్లన్నీ తిరగేశారు. ఆ జల్లెడలో నిలిచినవాళ్లలోనూ చిత్రం మారలేదు.

తర్వాత మెయిన్ అనే మరో రాష్ట్రంలో, ఇలాంటి కార్యక్రమం లేని ఆసుపత్రి నుంచి అదే వయసు, అదే రకం రోగులను జత చేసి పోల్చారు. మెయిన్‌లో కూడా సుమారు సగం మంది మెరుగ్గానే ఉన్నారు. వెర్మాంట్‌వాళ్లు అంతకన్నా మెరుగ్గా ఉన్నారు, పనిచేసుకునేవాళ్లూ ఎక్కువే. అంతా ఆ కార్యక్రమం చలవేనని నేను ఒట్టేసి చెప్పను. చీటీలు వేసి రెండు గుంపులు చేసిన ప్రయోగం కాదది, రాష్ట్రాల విధానాల్లోనూ తేడాలున్నాయి. అయినా ‘ఇక ఇంతే’ అని వెనక వార్డులో వేసిన తీర్పు తప్పని మాత్రం రెండు రాష్ట్రాలూ తేల్చాయి.

ఇక్కడ మన ఊరి మనిషి ఒకరి సంగతి చెప్పాలి. వివరాలు మార్చాను, పోల్చుకునే ప్రయత్నం చేయకండి. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. యువకుడిగా ఉన్నప్పుడు మొదలైంది. ఇద్దరు మగవాళ్లు తన గురించి మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంది. మందులు వాడుతున్నాడు, ఆ గొంతులు పూర్తిగా పోలేదు. సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, లెక్క పెట్టుకుంటూ, కాటా వేసే దడవాయి చెప్పిన తూకం చీటీలో వేసుకుంటూ ఉంటే అవి ఎక్కడో దూరంగా గొణుగుతాయట. ‘వాళ్లకు కూడా ఘాటు పడదనుకుంటానండీ’ అని నవ్వాడు ఓసారి. యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు చూడండి, ఆ నెలలో గొంతులు పెరుగుతాయి. ప్రతి ఏడాదీ వాళ్లావిడ ఆ నెలలోనే వెంటపెట్టుకుని వచ్చేది. నేను మోతాదు పెంచేవాణ్ని. ఒక ఏడాది వాళ్ల షావుకారు ఆ సెలవుల్లో కోల్డ్ స్టోరేజీ లెక్కలు రాసే పని అప్పగించాడు. ఆ వేసవిలో మోతాదు పెంచే అవసరం రాలేదు.

ఈయన కోలుకున్నట్టా, లేదా? లక్షణాల కొలబద్ద పెడితే కోలుకోలేదు. కుటుంబాన్ని పోషించుకుంటున్నాడా అంటే పోషించుకుంటున్నాడు. పరిశోధనల్లో అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండటానికి సగం కారణం ఇదే. 2013లో ఫిన్లాండుకు చెందిన యాస్కెలాయినెన్ బృందం యాభై అధ్యయనాలను కలిపి చూసింది. లక్షణాలూ తగ్గాలి, నలుగురిలో మసలడం, పని కూడా బాగుండాలి, ఈ రెండింట్లో ఒకటైనా కనీసం రెండేళ్లు నిలవాలి అని గట్టిగా గీత గీస్తే, కోలుకున్నవారు 13.5 శాతమే తేలారు. వెర్మాంట్ అంకె విని సంబరపడ్డవాళ్లకు ఇది చన్నీళ్లు చల్లినట్టుంటుంది. రెండూ నిజమే. గీత ఎక్కడ గీశారో అడగకుండా శాతాన్ని నమ్మకండి, అది వాట్సాప్‌లో వచ్చినా, నేను చెప్పినా.

ఇప్పుడు మన దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967లో తొమ్మిది దేశాల్లో మొదలుపెట్టిన అధ్యయనంలో ఆగ్రా ఉంది. 1978లో మొదలైన రెండోదానిలో ఆగ్రాతో పాటు చండీగఢ్ కూడా చేరింది. ఆగ్రా, నైజీరియాలోని ఇబాదాన్ వంటి చోట్ల రోగులు, లండన్, వాషింగ్టన్ రోగులకన్నా రెండేళ్లకూ, ఐదేళ్లకూ మెరుగ్గా ఉన్నారు. అప్పటి నుంచి మనవాళ్లకు ఒక గర్వం పట్టుకుంది. ఉమ్మడి కుటుంబం, ఆప్యాయత, సంస్కృతి అని ప్రతి సభలోనూ వినిపిస్తారు. నాకు ఆ ఉపన్యాసాలు వింటే కొంచెం విసుగు. 2008లో అలెక్స్ కోహెన్, విక్రమ్ పటేల్, మన చెన్నై డాక్టర్ ఆర్. తార, ఓయే గురేజే కలిసి పేద, మధ్యతరగతి దేశాల నుంచి వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూశారు. దేశానికీ దేశానికీ చాలా తేడా ఉంది, ఒకే మాటగా ‘ఇక్కడ మెరుగు’ అనలేం అని రాశారు. చావులు, వైద్యమే అందనివాళ్లు, పెళ్లి చెడి పుట్టింట్లో పడి ఉన్న ఆడవాళ్లు, ఇవన్నీ లెక్కలోకి రావాలి కదా.

తారగారి సొంత అధ్యయనం మద్రాసుది. 1980ల మొదట్లో తొలిసారి జబ్బు పడిన 90 మందిని ఇరవై ఏళ్లు అనుసరించారు, 2004లో ఫలితాలు వచ్చాయి. చివరికి 61 మంది అందుబాటులో ఉన్నారు. ఎక్కువమంది కథ ఒకటే తీరు, తగ్గడం, తిరగబెట్టడం, మళ్లీ తగ్గడం. ఇరవై ఏళ్లూ విడవకుండా జబ్బులోనే ఉన్నవాళ్లు కొద్దిమంది. తొంభైలో పదహారుమంది చనిపోయారు. వాళ్లు వయసులో ఉన్నవాళ్లని మరిచిపోవద్దు.

కుటుంబం గొప్పదని ఊరికే అనకుండా, కుటుంబంలో ఏది పనిచేస్తుందో కొలిచినవాళ్లున్నారు. ఇంటివాళ్లు రోగి గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని విసుర్లు పడ్డాయి, ఎంత ద్వేషం ఉంది, అతి జాగ్రత్తతో అతన్ని ఎంతగా చుట్టుకుపోతున్నారు అని లండన్‌లో జార్జి బ్రౌన్ లెక్కగట్టారు. విసుర్లు ఎక్కువున్న ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని తేలింది. అదే కొలత చండీగఢ్‌లో పెడితే అలాంటి ఇళ్లు లండన్‌కన్నా చాలా తక్కువ. అంటే పనిచేసేది ఉమ్మడి కుటుంబం అనే బోర్డు కాదు. ‘తిని పడుకోవడం తప్ప నీకేం పని?’ అన్న మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినబడుతుందన్నది ముఖ్యం. అమ్మా, మీ అబ్బాయి పొద్దున పదింటిదాకా లేవకపోవడం బద్ధకం కాదు. గొంతులు వినిపించడం ఎలా జబ్బులో భాగమో, అదీ అలాగే. మరో సంగతి. వారానికి ముప్ఫై ఐదు గంటలకన్నా తక్కువసేపు ఎదురెదురుగా గడిపితే, విసుగున్న ఇంట్లో కూడా ప్రమాదం తగ్గుతుందని 1976లో వాన్, లెఫ్ చూపించారు. రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవడం ఇద్దరికీ మంచిది కాదు. వీలుంటే కొట్టుకు పంపండి, గుడికి పంపండి, లేదంటే మీరే కాసేపు బయటికి వెళ్లండి. తల్లులు ఈ చివరి మాట వినరు, తెలుసు.

మందుల మాటకు వస్తాను. 1999లో రాబిన్సన్ బృందం న్యూయార్క్ దగ్గర, మొదటిసారి జబ్బుపడి కోలుకున్నవాళ్లను చూస్తే ఐదేళ్లలో 82 శాతం మందికి తిరగబెట్టింది. మందు మానేస్తే ఆ ప్రమాదం దాదాపు ఐదు రెట్లు. మరోపక్క షికాగోలో మార్టిన్ హారో పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు చూసి, మందు లేకుండా ఉన్నవాళ్లలోనే కోలుకున్నవాళ్లు ఎక్కువన్నారు. దీన్ని పట్టుకుని యూట్యూబులో మందులే విషమని చెప్పేవాళ్లున్నారు. మొదటినుంచీ జబ్బు తేలికగా ఉన్నవాళ్లే మందు మానగలిగారేమో అన్నది పెద్ద ప్రశ్న. నెదర్లాండ్స్‌లో 2013లో వచ్చిన ఫలితాలు మోతాదు తగ్గించడాన్ని కాస్త సమర్థించాయి. 2023లో ఇంగ్లండు ప్రయోగం, క్రమంగా తగ్గించినా తీవ్రంగా తిరగబెట్టినవాళ్లు 25 శాతం, మామూలుగా వాడినవాళ్లలో 13 శాతం అని తేల్చింది. నా మాట ఇది. తగ్గించే చర్చ డాక్టరుతో చేయండి, చేయమని అడిగే హక్కు మీకుంది. ఈ సభ అయ్యాక ఇంటికి వెళ్లి డబ్బా పారేయకండి.

ఆశ వదులుకున్నవాళ్లకు ఒక అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్లు పదిహేను, ఇరవై అయిదేళ్ల తర్వాత 1,633 మందిని తిరిగి చూసి 2001లో ఫలితాలు ప్రకటించారు. బతికున్నవారిలో సగానికి పైగా బాగానే ఉన్నారు. మొదటి ఏళ్లలో అసలు తగ్గనివాళ్లలో 16 శాతం మంది ఆలస్యంగా కోలుకున్నారు.

భయపెట్టే అంకె కూడా చెప్పాలి. ఈ జబ్బున్నవాళ్లు సగటున పద్నాలుగు, పదిహేనేళ్లు ముందే పోతున్నారు. ఆత్మహత్యలు ఒక కారణం, మొదటి ఏళ్లలో ఆ ముప్పు ఎక్కువ. కానీ ఎక్కువమందిని తీసుకెళ్లేది గుండెజబ్బు, షుగరు, పొగ. మా మందుల్లో కొన్ని బరువు పెంచుతాయి, దాచను. ఆర్నెల్లకోసారి బరువు, నడుము కొలత, షుగరు, బీపీ చూపించండి. ‘మతిస్థిమితం లేనివాడికి ఛాతీనొప్పి ఏమిటి’ అని క్యాజువాలిటీలో కొట్టిపారేస్తే అక్కడే నిలబడి ఈసీజీ తీయమని అడగండి.

పెళ్లి గురించి అడగకుండా మీరు నన్ను కదలనివ్వరు కాబట్టి నేనే చెబుతాను. హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాలు చెప్పే 13వ సెక్షను వివరణలో స్కిజోఫ్రెనియా పేరు స్పష్టంగా ఉంది. అది చూపించి, ఆ జబ్బు పేరు రాసిన డాక్టరు చీటీ దొరికితే చాలు విడాకులు వస్తాయని కొందరు ప్లీడర్లు చెబుతారు. అది తప్పు. కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత ఉందని రుజువు కావాలని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో తెలుగు దంపతుల కేసులోనూ అదే అన్నది. పై చదువు పూర్తి చేసి, ఉద్యోగం చేసుకుంటున్న భార్యకు ఆ జబ్బు పేరు అంటగట్టి భర్తకు విడాకులివ్వడం కుదరదంది. పరిశోధకులు ముప్ఫై ఏళ్లు తిరిగి తెలుసుకున్నదాన్ని కోర్టు ఒక తీర్పులో పెట్టింది. జబ్బు పేరు చూసి మనిషి స్థితి చెప్పలేం.

ఇది వినగానే దాచి పెళ్లి చేయవచ్చని అనుకోకండి. దాచిన పెళ్లిలో మొదట ఆగిపోయేది మాత్ర. అత్తగారింట్లో ఎక్కడ పెట్టుకుని వేసుకోవాలో తెలియక కొత్త కోడలు మందు మానేస్తుంది, మూడు నెలలకు పుట్టింటికి వస్తుంది. చెన్నైలో తారగారి బృందం ఇలా వచ్చేసిన ఆడవాళ్లతో మాట్లాడింది. చాలామందికి విడాకులూ కాలేదు, మనోవర్తీ రాలేదు, చూసుకునేది వయసు మళ్లిన తల్లిదండ్రులే. మగపిల్లవాడి పెళ్లి మాత్రం ‘పెళ్లి చేస్తే కుదురుకుంటాడు’ అని చేసేస్తారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు ఫైలు చూపించండి. చూపించాక ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, నా ఓపీకి వాళ్లిద్దరూ కలిసే వస్తారు.

ప్రశ్నల చీటీలు ఇటివ్వండి. మొదటిది... ‘సదరం సర్టిఫికెట్ తీసుకుంటే మా వాడి మీద ముద్ర పడుతుందా?’ 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం వైకల్యం ఉంటే ప్రయోజనాలు వస్తాయి. అవసరమైతే తీసుకోండి, ప్రయోజనం అడిగేచోట తప్ప అది ఎవరికీ చూపించాల్సిన పని లేదు. ఇందాక చెప్పిన గుమస్తా వద్దన్నాడు, అది ఆయన ఇష్టం. ఇంకొకరు పాత ఫైళ్లు ఏం చేయాలని అడిగారు. ఏదీ పారేయకండి. మొదటి చీటీ నుంచి వరుసగా తేదీలవారీగా ఒక కవర్లో పెట్టండి. ఏ మందుకు ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు మానేశారు, ఎప్పుడు తిరగబెట్టింది, వెనక ఒక కాగితం మీద రాయండి. వచ్చేసారి ఓపీకి ఆ కవరుతో రండి.